మిషను లేచిన కాగితం

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ ప్రింటరు గరగరమని గొంతు సవరించుకుని, ఎవరూ అడక్కుండానే ఒక కాగితం బయటికి తోస్తుంది. దాని మీద మిషను పేరు, నంబరు, లోపల టోనరు ఎంత మిగిలిందో చూపే నల్ల గీత, ఆనాటి తేదీ, టైము ఉంటాయి. నేను లేచాను బాబూ అని నలుగురికీ చెప్పుకోవడం తప్ప ఆ కాగితానికి వేరే పని లేదు. నౌపడ స్టేషను ఎదురుగా ఉన్న ఆ ఉప్పు కంపెనీ ఆఫీసులో ఆ శనివారం కరెంటు ఎన్నిసార్లు పోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, ట్రేలో పోగుపడిన కాగితాలు చూసి మేనేజరు హరిబాబు మొహం గంటు పెట్టుకున్నాడు.

"షీబా గారూ, ఏంటండీ ఈ దండగ? టోనర్లు ఎందుకిన్ని అడుగుతున్నారని హెడ్డాఫీసు వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు. ఇది రాకుండా చేసే ఉపాయం లేదా?"

"సెట్టింగుల్లో ఉంటుంది సార్" అంది గుమస్తా షీబా గోడ గడియారం వైపు చూస్తూ. కోటబొమ్మాళి వెళ్ళే పాసింజరు వచ్చే వేళైంది. అది తప్పితే బస్సు, బస్సు దిగాక నడక. ఇంట్లో తుంటి విరిగి మంచాన పడ్డ అత్త దేవమణి, పొద్దున పట్టిన జావ తప్ప మరేమీ లేకుండా, కోడలి అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటుంది.

"అయితే ఇప్పుడే చేసేసి వెళ్ళండి."

అదేమంత పెద్ద విద్య కాదు. ప్రింటరు నుదుటి మీద అగ్గిపెట్టెంత తెర, దాని పక్కన బాణం గుర్తుల బొత్తాలు. షీబా భుజాన చేతిసంచీ దించకుండానే వంగి మెనూ నొక్కింది. బాణం నొక్కుతూ పోతే కాగితం సైజు, భాష, ఎంతసేపటికి నిద్రపోవాలో ఒకటొకటే వచ్చి పోయాయి. హడావిడిలో ఒకసారి దాటిపోయి వెనక్కి వచ్చింది. స్టార్టప్ పేజ్ అన్నచోట ఆన్ అని ఉంది. దాన్ని ఆఫ్ చేసి, ఓకే నొక్కి, మిషనుని ఆపి మళ్ళీ వేసింది. గరగరమంది. లోపల రోలర్లు తిరిగాయి. పచ్చ దీపం వెలిగింది. కాగితం మాత్రం రాలేదు.

"బాగుంది" అన్నాడు హరిబాబు.

రైలు కూత వినబడింది. షీబా పరుగులాంటి నడకతో స్టేషను వైపు పోయింది. తన చేత్తో దేన్ని ఆపిందో ఆ పరుగులో ఆమెకి తట్టలేదు. అలిసిపోయిన బుర్ర గానుగెద్దు లాంటిది. తిరిగిన దారినే తిరుగుతుంది గాని పక్కకి చూడదు.

ఆఫీసుకి రోజూ అందరికన్నా ముందు వచ్చేది కూర్మమ్మ. రేవు పల్లె నుంచి తెల్లారుతూనే వచ్చి, తన దగ్గరున్న తాళం చెవితో తలుపు తీసి, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, కుండలో నీళ్ళు నింపి, వెళ్ళేముందు ప్రింటరు స్విచ్చి వేసి, తలుపు తాళం పెట్టి పోతుంది. ఊడ్చడమంటే మామూలు ఊడ్చడం కాదు. లారీ డ్రైవర్లు, కాటా దగ్గరి కూలీలు రోజంతా కాళ్ళతో ఉప్పు మోసుకొచ్చి ఆ గదిలో రాలుస్తారు. దాన్ని వదిలేస్తే తేమ పీల్చి నేలంతా జిగురవుతుంది, బీరువా కాళ్ళు తుప్పు పట్టి పెచ్చులూడతాయి. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఆమె ఇసకలో ఉండాలి. లేకపోతే ఆ రోజుకి గంపలో చేప ఉండదు, టెక్కలి వీధుల్లో అమ్మడానికి అరిచే గొంతు తప్ప ఏమీ మిగలదు. షీబా రైలు దిగేసరికి కూర్మమ్మ ఇసకలో ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒకే గదిలో పనిచేస్తున్న ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేది జీతాల రోజున, పండగల ముందు, అంతే.

గుమ్మం పక్కన గోడకి వేలి మిషను ఉంది. వేలు పెడితే హాజరు పడుతుంది. కూర్మమ్మ వేలికి మాత్రం పడదు. పెళ్ళి కాకముందు నుంచి ఉప్పు మళ్ళలో ఉప్పు పోగుచేసే చెక్క పలక లాగి, తర్వాత చేపలు తోమి తోమి, ఆమె వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. మళ్ళీ పెట్టమని మిషనులోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అంటుంది. ఆమె కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. అది మళ్ళీ అదే మాట అంటుంది. "నాను మనిసినే కాదంతంది ఇది" అని జీతాల రోజొకసారి నవ్వింది కూర్మమ్మ. ఆ నవ్వు వెనక ఉక్రోషం చూసి షీబాకి బాధేసింది. అప్పుడే ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. మిషను లేవగానే ఊసే కాగితాన్ని కూర్మమ్మ తీసి షీబా బల్ల మీద, బరువుకి ఉంచిన ఉప్పురాయి కింద పెట్టి పోతుంది. అది చూసి షీబా కంప్యూటర్లో ఆమెకి హాజరు వేస్తుంది. ఒక్కోనాడు ఆ కాగితం మీద కనకాంబరాల మూరో, ఆకులో చుట్టిన ఎండు నెత్తళ్ళ చేపలో ఉండేవి. పాత మేనేజరుకి ఈ సంగతి తెలుసు. హరిబాబు కొత్తగా వచ్చినవాడు. ఆయనకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

సోమవారం షీబా వచ్చేసరికి ఉప్పురాయి కింద ఒక తెల్ల కాగితం ఉంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ లేదు. శనివారం తనే వదిలేసి ఉంటుందనుకుంది. హరిబాబు కంటబడితే మళ్ళీ దండగ పాట ఎత్తుకుంటాడని దాన్ని ప్రింటరు సొరుగులో పైన పెట్టేసింది. కాసేపటికి ఒడిశా వెళ్ళే లారీ చలానా దాని మీదే అచ్చయి, డ్రైవరు జేబులో నాలుగు మడతలై వెళ్ళిపోయింది.

హాజరు వేసేటప్పుడు కూర్మమ్మ పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. కాగితం లేదు. అంటే రాలేదన్నమాట. శ్రీకూర్మంలో మొగుడికి పిండం పెట్టించాలని ఆ మధ్య అంది, అక్కడికే వెళ్ళి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఖాళీగా వదిలేస్తే సాయంత్రానికి సిస్టమే దాన్ని ఎర్రగా చేసి గైర్హాజరు కింద జమ కడుతుందని తెలుసు. మనిషి వచ్చాక కనుక్కుని చూద్దాంలే అనుకుంది. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఎవరు నింపారని మాత్రం అనుకోలేదు. కుండలో నీళ్ళుంటే తాగి గ్లాసు బోర్లిస్తాం. లేనినాడే కదా నింపే మనిషి గుర్తొచ్చేది.

మంగళవారం మళ్ళీ ఉప్పురాయి కింద తెల్ల కాగితం. ఫ్యాను గాలికి ఎగిరి పడి ఉంటుందనుకుంది. ఎగిరే కాగితం రాయి కిందికి దూరి కూర్చోదని ఆలోచించడానికి కూడా ఓపిక ఉండాలి. ముందు రాత్రి దేవమణికి నొప్పి ఎక్కువై, పక్క మీద అటు తిప్పమని ఒకసారి, ఇటు తిప్పమని ఒకసారి, తెల్లారేదాకా సరిపోయింది. రైల్లో నిలబడే కునుకు తీసింది షీబా. కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టింది, గడి మళ్ళీ ఖాళీగా వదిలింది. ఆ తర్వాత రోజుల్లోనూ అంతే జరిగింది. ఆ కాగితాలన్నీ లారీలెక్కి ఊళ్ళు పట్టుకుపోయాయి. కూర్మమ్మ పేరు పక్కన గళ్ళు వరసగా ఎర్రబడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం హరిబాబు పిలిచాడు. ఆయన ముందు కంప్యూటర్లో ఆ ఎర్ర వరస ఉంది.

"ఈ కూర్మమ్మ ఎవరండీ?"

"మన ఆఫీసు ఊడ్చే ఆవిడ సార్."

"వారమంతా లేదు. ఎవరికీ చెప్పలేదు. హెడ్డాఫీసు నుంచి ఫోన్. టెక్కలి క్లీనింగ్ ఏజెన్సీ వాళ్ళు మనుషుల్ని పంపుతామంటున్నారు, సోమవారం నుంచి వాళ్ళని పెట్టుకోమన్నారు. మీరు సాయంత్రం వెళ్ళి ఆవిడ దగ్గర తాళం చెవి తీసుకుని, ఇంక రావద్దని చెప్పేయండి."

"ఒంట్లో బాగోలేదేమో సార్. ఎప్పుడూ మానే మనిషి కాదు."

"రాలేదని మీరే కదండీ చూపిస్తున్నారు."

షీబాకి అయ్యో అనిపించింది. కానీ అయ్యో అనుకోవడం వేరు, నిలబడి వాదించడం వేరు. వాదించే సత్తువ ఆమెలో లేదు. పాసింజరు తప్పిపోతుందని పక్కింటి నీలవేణికి ఫోన్ చేసి, అత్తకి కాస్త అన్నం పెట్టమని బతిమాలి, ఆటో ఎక్కి రేవు పల్లెకి పోయింది.

ఇంకా పొద్దుంది. కూర్మమ్మ ఇంటి ముందు పరిచిన వల మీద ఆరబోసిన నెత్తళ్ళని, మంచు పడకముందే పోగు చేస్తోంది. రెండు అరచేతులూ చాటల్లా పెట్టి చేపల్ని దగ్గరికి లాగుతుంది. ఇసక రాలేలా పైకెత్తి వదులుతుంది. మధ్యలో కనబడిన గులకరాయిని తీసి, చూడకుండానే వెనక్కి విసిరేస్తుంది. షీబాని చూసి లేచి, పీట తెచ్చి కొంగుతో తుడిచి వేసింది.

"సీబమ్మా, నువ్వేటి ఇలగొచ్చావు? మీ అత్త బాగున్నాదా?"

"ఉన్నాది పిన్నీ. నీకు ఒంట్లో బాగోనేదా?"

"నాకేటి, గుండ్రాయిలాగున్నాను."

"మరి వారమంతా పనికి రానేదేటి?"

కూర్మమ్మ చేతులు చేపల మీదే ఆగిపోయాయి. "ఎవులు రానేదు?"

"నువ్వే."

"నానా?" కూర్మమ్మ మొహంలో కోపం కాదు, అసలు అర్థమే కాని చూపు కనిపించింది. "నాను రాకపోవడమేటమ్మా. రోజూ వొచ్చినాను. ఊడ్సినాను, నీల్లు ఎట్టినాను. సోమారం పొద్దున్న మిషను ఏసినాను. లేసింది, గరగర్లాడింది, కాగితం మాత్రం ఇవ్వనేదు. మల్లీ ఆపి మల్లీ ఏసినాను. ఇవ్వనేదు. నానేటి పాడు సేసీసినానో అని గుండె జారిపోనాది. దాని ముందు అలగే నిలబడిపోనాను. ఈలోగా పడవలొచ్చీసి, సేపంతా ఎల్లిపోనాది. ఆ రోజు ఉత్త గంపతోటి ఇంటికొచ్చినాను."

ఆమె అరచేతులు దులుపుకుంది.

"ఏలి మిషను నన్ను ఎరగనంది. పోనీ ఈ కాగితాల మిషనైనా ఎరుగున్నాది అనుకున్నాను. ఇదీ ఎరగనంది. మరేటి సేస్తాను? అది ఇవ్వకపోతే నానే ఆ సొరుగు లాగి, ఒక కాగితం తీసి, నీ బల్ల మీద రాయి కింద ఎట్టినాను. రోజూ ఎట్టినాను. దాని మీద ఏటి రాసుంటాదో, ఏటి రాసుండదో నాకు తెల్దు. సదువు నేదు. కాగితం ఉంటే నానొచ్చినట్టు నీకు తెలుస్తాది గదా అనుకున్నాను."

షీబాకి ఒక్కసారిగా తెల్ల కాగితాలన్నీ కళ్ళ ముందు ఆడాయి. తిప్పి చూసి ఏమీ లేదనుకున్నవి. తన చేత్తోనే తీసి సొరుగులో పెట్టినవి. సిగ్గుతో పీట మీద నుంచి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది.

"నానే ఆపినాను పిన్నీ" అంది చివరికి. "మేనేజరు దండగన్నాడు. శనివారం రైలు తొందర్లో ఆ కాగితం రాకుండా నానే సేసినాను. నీకు సెప్పాలని తట్టనేదు. నువ్వెట్టినవి ఉత్త కాగితాలని మిషన్లో పెట్టీసినాను."

కూర్మమ్మ మిగిలిన చేపల్ని పోగు చేసింది. గంపలోకి ఎత్తింది. పైన గోనెపట్టా కప్పింది. తిడితే బాగుండునని షీబా కోరుకుంది. తిట్టి ఊరుకుంటే రైలెక్కి ఇంటికి పోవచ్చు.

"కాగితం నేదని సూసినావు" అంది కూర్మమ్మ నెమ్మదిగా. "నేల సూడనేదేటమ్మా?"

షీబా తల ఎత్తలేదు.

"ఉప్పు ఆపీసది. ఒక్క పూట ఊడవకపోతే కాలికింద కరకర్లాడతాది. వారం ఊడవకపోతే నడవగలవా? నీ కాల్లకి తెలీనేదా?"

షీబా తన కాళ్ళ వైపు చూసుకుంది. మందపాటి అట్టల చెప్పులు. రైలెక్కేముందు వేసుకున్నవి మళ్ళీ ఇంటికెళ్ళాకే విప్పుతుంది. ఆ నేలని తన కాలు ఏనాడూ తాకలేదు.

కూర్మమ్మ బొడ్లోంచి తాళం చెవి తీసి వల మీద పెట్టింది. "దీనికోసమే వొచ్చావు గదా. నీ మొకం సూసినప్పుడే అనుకున్నాను."

"వద్దు, నీ దగ్గరే ఉంచు. రేపు నాను సారుతో సెప్తాను. ఆ కాగితం మల్లీ వచ్చినట్టు సేస్తాను."

"ఆ మిషను సాచ్చికం నాకొద్దు. ఇవాల నువ్వు ఆపినావు, రేపు ఇంకెవులో ఇంకో బొత్తాం నొక్కుతారు. నీకు కల్లున్నాయి గదా. నేల సూసి రాయి. ఊడ్సుంటే వొచ్చిందని రాయి, ఊడవకపోతే రానేదని రాయి. అబద్దం రాయమంతన్నానేటి? అలగ రాయగలవంటే ఇది నా బొడ్లో ఉంటాది. నేదంటే పట్టుకుపో."

తాళం చెవి ఇద్దరి మధ్యా వల మీద కాసేపు ఉండిపోయింది. షీబా దాన్ని తీసి కూర్మమ్మ చేతిలో పెట్టింది. ఆ అరచెయ్యి నున్నగా, అరిగిన సానరాయిలా ఉంది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. దేవమణికి జడ వేస్తూ షీబా జరిగిందంతా చెప్పింది. మేనేజరు దగ్గర తప్పు ఒప్పుకుంటే తన ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఆగిపోతుందేమోనని కూడా చెప్పింది. ఈ ఏడాదే తేలుస్తామన్నారు. దేవమణి ఒకప్పుడు మిషనరీ ఆసుపత్రిలో ఆయా. గోడ వైపు తిరిగే వింది, గోడ వైపు తిరిగే మాట్లాడింది.

"నాను తుడిసిన నేల మీద ఎవులూ కిందకి సూసి నడవనేదే. జారి పడితే మాత్రం సూసేవోలు. ఎవులు తుడిసినారని అప్పుడడిగేవోలు." మళ్ళీ తనే, "జడ గట్టిగా లాగకు" అంది.

శనివారం హరిబాబు రాగానే తాళం చెవి అడిగాడు.

"తేలేదు సార్" అంది షీబా. రైల్లో వల్లించుకున్న మాటలేవీ నోటికి రాలేదు. వచ్చినంత మటుకు చెప్పింది. వేలి మిషను సంగతి, కాగితం ఏర్పాటు, తాను దాన్ని ఆపిన వైనం, రాయి కింద తెల్ల కాగితాలు. హరిబాబు మధ్యలో అడ్డం రాలేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పైవాళ్ళకి భయపడే మనిషి, ఆ భయంలో కిందవాళ్ళు కనబడరు.

"సిస్టమ్‌లో పడిపోయాక నా చేతుల్లో ఏముందండీ? మార్చాలంటే హెడ్డాఫీసుకి ఉత్తరం పెట్టాలి. ఎవరి పొరపాటని రాయమంటారు?"

"నాదని రాస్తాను సార్."

ఆయన గొంతు తగ్గించాడు. "మీ ఫైల్లో ఉండిపోతుంది షీబా గారూ. ఇలాంటి టైములో. ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి షీబాకి భయంగా ఉంది. ఆలోచిస్తే అత్త మందులు గుర్తొస్తాయి, హాస్టల్లో ఉన్న పిల్ల ఫీజు గుర్తొస్తుంది, ఇంక చెయ్యి ఆడదు. అందుకే వెంటనే కూర్చుని టైపు చేసింది. చిన్న ఉత్తరమే. హాజరు నమోదులో పొరపాటు నాది, సదరు ఉద్యోగిని అన్ని రోజులూ పనికి వచ్చింది. ప్రింటరు గరగరమని ఆ కాగితం తోసింది. వేడిగా ఉంది. సంతకం పెట్టి ఆయన బల్ల మీద ఉంచింది.

హరిబాబు చదివి పక్కన పెట్టాడు. "సరే, రేపట్నుంచి రుజువేంటి? స్విచ్చి ఎవరైనా వేస్తారు, కాగితం ఎవరైనా పెడతారు."

"వేలు పెట్టినవాళ్ళు పని చేశారని మాత్రం రుజువేముంది సార్? వేలు వచ్చిందనే కదా అది చెప్పేది."

"అయితే?"

"నేల చూసి వేస్తాను సార్."

ఆయన నవ్వబోయి ఆగి, కుర్చీ కింద చెప్పుతో నేల మీద అటూ ఇటూ రాశాడు. చప్పుడు కాలేదు. మరోసారి గట్టిగా రాశాడు. బయట లారీల చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

"అలాంటి గడి సిస్టమ్‌లో లేదండీ."

"చివర్న రిమార్కులని ఒకటుంది సార్. ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది."

హరిబాబు ఉత్తరం మీద తన సంతకం కూడా పెట్టాడు. "ఏజెన్సీ వాళ్ళకి వద్దని చెబుతాలెండి. ఇంత గదికి ఇద్దరు మనుషులు కావాలంటున్నారు, వాళ్ళనెవడు మేపుతాడు" అన్నాడు. న్యాయం గెలిచిందో, చవక గెలిచిందో తేల్చుకునే ఓపిక షీబాకి లేదు. కూర్మమ్మ పని నిలబడింది. తన సంగతి హెడ్డాఫీసు చూసుకుంటుంది. ఆ సాయంత్రం వెళ్ళేముందు ప్రింటరు దగ్గర ఒక నిమిషం నిలబడి, బాణం బొత్తాం మీద వేలు ఆనించి, మళ్ళీ తీసేసింది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచి రైలుకి వెళ్ళిపోయింది.

సోమవారం పాసింజరు ఆలస్యంగా వచ్చింది. తన దగ్గరి చెవితో తాళం తీసి, గడప ముందు ఆగి, షీబా చెప్పులు విడిచింది. వేలి మిషను ఎర్ర కన్నుతో చూస్తోంది. దాన్ని దాటి లోపలికి అడుగు పెట్టింది. నేల చల్లగా తగిలింది. డ్రైవర్లు నిలబడే కిటికీ దగ్గరికి నడిచింది, బీరువా పక్కకి నడిచింది, తన బల్ల కిందికి కాలు చాపి ఆ మూల కూడా తడిమింది. ఒక్క రవ్వ కూడా అరికాలికి అంటలేదు. ఉప్పురాయి కింద ఏమీ లేదు. పువ్వు లేదు, నెత్తళ్ళు లేవు, తెల్ల కాగితం లేదు. ఇంకా చాలా రోజులు ఏమీ ఉండదని ఆమెకి తెలుసు.

కంప్యూటరు తెరిచి కూర్మమ్మ పేరు దగ్గర హాజరు వేసింది. చివరి గడిలోకి వెళ్ళి, నేల ఊడ్చి ఉన్నది అని కొట్టింది. ఆ తర్వాతే లేచి వెళ్ళి, వేలి మిషను మీద తన వేలు పెట్టింది.